కుర్మయ్య సారు ఇచ్చిన పెత్తనం

వనపర్తి బస్టాండులో ఇనుప బాండిలో ఇసుక పోసి పల్లికాయ వేయిస్తున్న వాసన తగిలితే నేను ఎక్కవలసిన బస్సు సంగతి కాసేపు మరిచిపోతాను. మొన్న కూడా అంతే. వేడెక్కిన పొట్టు, కొద్దిగా మాడిన మన్ను, వాటి వెనక గింజ కమ్మదనం. అందరికీ అది పల్లికాయ వాసనే కావచ్చు, నాకు మాత్రం అది కుర్మయ్య సారు వాసన. పెద్దమందడి దగ్గర ఒక చిన్న ఊళ్లో, ఏడో తరగతి దాకా ఉన్న సర్కారు బడిలో ఆయన మా హెడ్మాస్టరు. అమరచింత మనిషి. స్టాఫ్ మీటింగుకు ఆయన తెచ్చేది రెండు జేబుల నిండా పల్లికాయ మాత్రమే. బల్ల మీద పాత పేపరు పరిచి కుప్ప పోస్తే మీటింగు మొదలైనట్టు లెక్క. ఆయన తల వంచుకుని ఒలుచుకుంటూ, నములుతూ కూర్చునేవారు. నోరు ఖాళీగా ఉండదు కాబట్టి మాట్లాడవలసింది మేమే.

నేను ఆ బడికి వెళ్లేనాటికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ఇంకా వేర్వేరు జిల్లాలు కాలేదు. మాది గద్వాల దగ్గర పల్లె. ఇంటర్ తర్వాత టీచర్ ట్రైనింగ్ చేశాను గాని డిగ్రీ కాలేజీ గడప తొక్కలేదు. నా కాలేజీ గద్వాల శాఖా గ్రంథాలయం. అక్కడి చెక్క బల్ల మీద, ఫ్యాను తిరిగినా తిరగకపోయినా, చేతికందిన పుస్తకమల్లా చదివాను. ఆ చదువు మీద నాకు ఎంత గర్వమంటే, బడి ఆవరణను 'ప్రాంగణం' అనకపోతే నాకు తోచేది కాదు. పొద్దున తినే ఉప్మాను 'అల్పాహారం' అనేదాన్ని. లెక్కలు చెప్పే ప్రభాకర్ సారు మా అందరిలో సీనియర్. ఆయన నన్ను చూసినప్పుడల్లా, "మణెమ్మ టీచర్‌తోని మాట్లాడాల్నంటే పక్కన నిఘంటువు పెట్టుకోవాలె" అనేవారు. నేను అది పొగడ్తగానే తీసుకున్నాను.

కుర్మయ్య సారు బడి నడిపే పద్ధతి ఒకటుండేది. దానికి ఆయన ఏ పేరూ పెట్టలేదు. ఎవరు ఫిర్యాదు తెస్తే ఆ పని వారికే అప్పగించేవారు. ప్రభాకర్ సారు ఒకరోజు మధ్యాహ్న భోజనం గురించి మొదలుపెట్టారు. "గిదేం పప్పు సార్, గిన్నెల మొఖం కనపడుతున్నది." కుర్మయ్య సారు నోట్లో గింజ మింగి, "నిజమే సార్. మీరే జూడుండ్రి" అన్నారు. అంతే, ఆ నెల నుంచి పప్పు, కూరగాయల పెత్తనం ప్రభాకర్ సారుది. ఆయన రెండు వారాలు సణిగి, తర్వాత సంతలో వంకాయలు ఏరేటప్పుడు ఎవరి మాటా వినేవారు కాదు. ఇంకోరోజు వంట చేసే బాలమ్మ వచ్చి, బువ్వ ఉడకకముందే గంట కొట్టి పిల్లలను తన మీదికి తోలుతున్నారని కొట్లాట పెట్టుకుంది. "అయితే తిండి గంట నువ్వే కొట్టు బాలమ్మా" అన్నారు సారు. మాలో ఒకరిద్దరికి అది నచ్చలేదు. "వంటామె గంట గొడితే మేం లేవాల్నా సార్?" అంటే ఆయన మెల్లగా, "లెవ్వకుండ్రి సార్. పిల్లలు లేస్తరు, మీరు ఖాళీ గదిల పాఠం చెప్పుకోండ్రి" అన్నారు. బాలమ్మ ఆ రోజు నుంచి గంట కొట్టే ముందు చేతులు కడుక్కుని, కొంగు సరిచేసుకుని, పూజకు వచ్చినట్టు వచ్చేది.

మిగతా బడులలో పెత్తనం సీనియారిటీ ప్రకారం వచ్చేది, లేకపోతే పై అధికారితో చుట్టరికం ప్రకారం. ఈయన దగ్గర మాత్రం బాధ ప్రకారం వచ్చింది. పెత్తనం అన్న మాట మన దగ్గర తిట్టులాగా వాడతారు. నేను గ్రంథాలయంలో వెతికి చూశాను. అది పెద్దతనం నుంచి వచ్చిన మాట. ఎవరి మీదో ఎక్కి కూర్చోవడం దాని అసలు అర్థం కాదు, ఇంట్లో పెద్దగా ఉండడం. ఈ సంగతి సారుకు చెబితే ఎంతో సంతోషించి, "చూసినవా, పుస్తకంల గూడ ఉన్నదంట" అని బాలమ్మకు చెప్పారు.

నా వంతు దసరాకు వచ్చింది. ఆ బడి ఉన్న ఊరివాళ్లకు దసరా అంటే జమ్మి ఆకు పంచుకోవడం ఒక్కటే కాదు, సామాన్లు మూట కట్టడం కూడా. వాన చేను అప్పటికి ఎండిపోయేది. కూలీలను జట్టు కట్టి పుణె, బొంబాయి వైపు పనులకు తీసుకుపోయే గుంపు మేస్త్రి ఇల్లిల్లూ తిరిగేవాడు. తల్లిదండ్రుల వెంట పిల్లలు పోయేవారు. పండుగ సెలవుల తర్వాత బడి తెరిస్తే నా క్లాసు సగం ఖాళీ. వేసవికి తిరిగి వచ్చిన పిల్లలకు అక్షరాలు కూడా అనుమానంగా కనిపించేవి. ఆ ఏడు ఏడో తరగతిలో లక్ష్మి అనే పిల్ల ఉండేది. పద్యం ఒకసారి వింటే చాలు, అప్పగించేది. వాళ్ల అమ్మ చెన్నమ్మ ఈసారి పిల్లను తీసుకుపోవడం ఖాయమని, గుంపుకు వంట చేసేందుకు లక్ష్మి పనికొస్తుందని తెలిసింది. పోతే ఏడో తరగతి పరీక్ష ఉండదు. అక్కడితో ఆ పిల్ల బడి కథ ముగిసినట్టే. స్టాఫ్ మీటింగులో నేను కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేశాను. సారు పల్లికాయ ఒలవడం ఆపారు.

"వలస పోయేటోళ్ల పిల్లల కోసం సర్కారు హాస్టల్ ఇస్తనంటున్నదమ్మా. బడిలనే ఉంచి, అన్నం పెట్టి చూసుకోవాలె. తీసుకునేటోళ్లు లేక కాగితం నా దగ్గర్నే ఉన్నది. నువ్వే జూడు."

మండల కార్యాలయానికి ఇద్దరం వెళ్లాం. అక్కడి అధికారి నన్ను పైనుంచి కిందికి చూసి, "కొత్త పిల్ల, ఆడమనిషి. మీ బళ్లో సీనియర్ లేడా?" అన్నాడు. "ఉన్నడు సార్. గానీ బాధ ఈమెకున్నది" అన్నారు కుర్మయ్య సారు, అదొక డిగ్రీ అయినట్టు. అధికారి సంతకం పెట్టాడు.

మరునాటి సాయంత్రం బడి వరండాలో తల్లిదండ్రులను కూర్చోబెట్టాం. ఉపన్యాసం రాసుకుని బట్టీ పట్టాను. కాగితంలో ఆ పథకం పేరు సీజనల్ హాస్టల్ అని ఉంది. నాకు అది నచ్చలేదు. సీజన్ అంటే ఋతువు, హాస్టల్ అంటే వసతి గృహం. ఇంత చక్కని మాట ఇంకెవరికీ తట్టలేదని నాలో నేను మురిసిపోయి, నిలబడి గట్టిగా చెప్పాను.

"మీ పిల్లల కొరకు మన పాఠశాల ప్రాంగణంలో ఋతుకాల వసతి గృహం ప్రారంభించబోతున్నాము."

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొంగులు నోళ్ల మీదికి వచ్చాయి. చెన్నమ్మ లేచి అడిగింది. "టీచరమ్మా, రుతు అని మొన్న అంగన్‌వాడీల నర్సమ్మ చెప్పింది. గదేనా?"

ఆడపిల్లల నెలసరి గురించి నర్సు చెప్పిన పాఠం నాకు తెలియదు. ఆరు ఋతువుల సంగతి అనుకుని, "అవును, అదే" అన్నాను ఉత్సాహంగా.

"మరి మా పిల్లగాడు గూడ అండ్లనే ఉంటడా?"

నవ్వులకు వరండా ఎగిరిపోయింది. అర్థం కాని మగవాళ్లు భార్యలను అడిగారు. అర్థమైన ఒక పెద్దాయన తువ్వాల దులుపుకుని లేచి, "ఆడివిల్లల ముచ్చట నలుగుట్ల మాట్లాడుతరా? సదువుకున్నోళ్లు గింతేనా?" అని వెళ్లిపోయాడు. ఆయన వెనక ఇంకొందరు. నేను సారు వైపు చూశాను. ఆయన జనంలోనే, కింద చాప మీద కూర్చుని ఉన్నారు. ఒక్క మాటతో అంతా సర్దగలరు. తల వంచుకుని చాప అంచు సరిచేస్తూ ఉండిపోయారు.

మర్నాటికి ఊరంతా పాకింది. ముట్టయిన ఆడపిల్లలను దూరం పెట్టడానికి టీచర్లు బడిలో ఇల్లు తెరుస్తున్నారట. ఒక్క తల్లి కూడా పిల్లను ఉంచుతాననలేదు. ఆదివారం గుంపు బయలుదేరుతుంది. ప్రభాకర్ సారు జాలిగానే అన్నారు, "నిఘంటువు ఎంత పని చేసింది మేడం." నేను సారు గదికి వెళ్లి పెత్తనం వాపసు ఇచ్చేశాను.

"మీరొక్క మాట చెప్పండి సార్. మీ మాట వింటారు."

"వింటరు. నా మాటనే వింటరు" అన్నారు. "వచ్చే ఏడు నేను రిటైరైత. అప్పుడెవరి మాట వింటరమ్మా?"

"నేను పాడుచేశాను సార్."

"ఒక్క పేరే గద పాడైంది. నువ్వే పెట్టినవ్, నువ్వే తీసెయ్యి."

"ఎట్లా?"

"నాకు తెల్వదు" అన్నారు. ఆ రోజు ఆయన మీద నాకు చాలా కోపం వచ్చింది. చేతకాక తప్పించుకుంటున్నారనుకున్నాను.

ఆ కోపంతోనే చెన్నమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. నన్ను చూడగానే చాట కింద పెట్టి, నవ్వు ఆపుకుంటూ, "రా రుతమ్మా" అంది. ఆ పేరుతో నాకు ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి. బట్టీ పట్టిన ఉపన్యాసంలో ఒక్క ముక్క నోటికి రాలేదు. వచ్చింది మా అమ్మ ఇంట్లో మాట్లాడే మాట.

"అక్కా, నేను గూడ గుంపుల పోయినదాన్నే. మూడో తరగతిల మా అమ్మ నన్ను కాలువ పనికి తోలుకపోయింది. చిన్న తమ్మున్ని ఎత్తుకొని గుడారంల ఉన్న. తిరిగొస్తే నా దోస్తులంత నాలుగుల కూసున్నరు, నన్ను మళ్ల మూడుల కూసోబెట్టిండ్రు. బడి ఎగ్గొట్టి ఏడ్చేదాన్ని."

ఆ మాట అంతకుముందు ఏ ఊళ్లోనూ ఎవరికీ చెప్పలేదు. చెన్నమ్మ నవ్వడం మానేసింది.

"నువ్వు గుడారంల ఉన్నవా?" అని, చాటలోంచి ఒక రాయి ఏరి పారేసి అడిగింది. "పిల్ల పెద్దగైతున్నది టీచరమ్మా. రాత్రి తోడెవలుంటరు?"

నేను వనపర్తిలో గది తీసుకుని రోజూ బస్సులో వచ్చిపోయేదాన్ని. అంతవరకు ఈ ప్రశ్న నాకు నేను వేసుకోలేదు. "నేనుంట" అన్నాను. "బాలమ్మ గూడ ఉంటది. పిల్లలు పండుకున్న కాడనే మేం పండుకుంటం."

"బాలమ్మ ఒప్పుకున్నదా?"

"ఒప్పుకుంటది."

"ఒప్పుకోకుంటే?"

"నేనొక్కదాన్నే ఉంట."

ఆమె జొన్నల వైపు తిరిగింది. చాట ఎత్తుకుంది. నేను అక్కడి నుంచి పక్క ఇంటికి, ఆ పక్క ఇంటికి తిరిగాను. అందరూ ముందు నవ్వుకున్నారు, తర్వాత అదే ప్రశ్న అడిగారు. అందరికీ అదే జవాబు చెప్పాను.

ఆదివారం పొద్దున గుంపు లారీ ఊరి బయట ఆగింది. నేను బడి గేటు దగ్గర నిలబడ్డాను. చాలాసేపు ఎవరూ రాలేదు. లారీ ఇంజను చప్పుడు వినబడుతూనే ఉంది. చివరికి చెన్నమ్మ వచ్చింది. లక్ష్మి చేతిలో కంచం, గ్లాసు, తలగడ మూట. వాళ్ల వెనక కొడుకు. వాళ్ల వెనక ఇంకా కొందరు తల్లులు. చెన్నమ్మ కూతురి చెయ్యి నా చేతిలో పెట్టి, సారు గది వైపు ఒకసారి చూసి అంది.

"హెడ్మాస్టర్ మీద గాదు. నీ మీద ఇడిసిపెట్టి పోతున్న."

అని వెనక్కి తిరిగి చూడకుండా నడిచింది. ఆమె వెనక్కి చూస్తే పిల్ల పరుగెత్తుతుందని మా ఇద్దరికీ తెలుసు. లక్ష్మి వేళ్లు నా చేతిలో చల్లగా ఉన్నాయి. ఒక తల్లి ఇంకో మనిషిని నమ్మి తన ప్రాణం అప్పగించడమంటే ఏమిటో ఏ పుస్తకమూ నాకు అంత గట్టిగా చెప్పలేదు. సారు ఆ ఇళ్లకు వచ్చి ఒక్క మాట చెప్పి ఉంటే, ఆ చెయ్యి ఆయన చేతిలో పడేది.

తర్వాత రోజుల్లో, నాతో పాటే హాస్టల్లో ఉంటూ, పిల్లలకు జడలు వేస్తూ, బాలమ్మ నాకొక సంగతి చెప్పింది. "నువ్వు ఇండ్లు తిరుగుతుంటే సారు ఈడ ఊకె కూసున్నడనుకున్నవా? వరండాల ఇటు అటు ఒకటే తిరుగుడు. చెప్పులేసుకునుడు, గేటు దాక పోవుడు, మళ్లొచ్చి చెప్పులిడుసుడు. చాయ్ ఇస్తె చల్లగై పోయింది. జర పోయి రారాదు సార్ అంటె, 'పోతే పని పాడైతది బాలమ్మా' అన్నడు." ఆ మాట విన్నాక నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు.

లక్ష్మి ఆ ఏడు పరీక్ష రాసింది. సారు రిటైరై అమరచింత వెళ్లిపోయారు. తర్వాత నేను జిల్లా స్థాయిలో టీచర్లకు శిక్షణ ఇచ్చే పనిలో చేరి నాగర్‌కర్నూలు, అచ్చంపేట దాకా తిరిగాను. ఎక్కడికి వెళ్లినా ముందు మాట్లాడేది మా అమ్మ మాటలోనే, పుస్తకం మాట తర్వాత. సారు పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నేనూ హెడ్మాస్టర్ కుర్చీలో కూర్చుంటున్నాను. ఆయన పని ఎంత తేలికగా కనిపించేదో నాకు అంత కష్టంగా ఉంది. ఇప్పటికీ సగంసార్లు మధ్యలో దూరిపోతాను.

కిందటి నెల మా బడిలో చేరిన కొత్త టీచరు తల్లిదండ్రుల ముందు నిలబడి తడబడ్డాడు. చెప్పవలసిన మాట నా నాలుక మీదే ఉంది. అతను నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. ఒళ్లో చేతులు రెండూ బిగిసిపోయాయి. ఒక తల్లి ఏదో అడిగింది, అతను జవాబు చెప్పాడు, ఆ జవాబు తప్పు. నేను ఊరుకున్నాను. ఆ తల్లే, "గట్ల గాదు సార్" అని అసలు సంగతి చెప్పింది. అతను తల గోక్కుని, నవ్వి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు. అప్పుడు గాని నా పిడికిళ్లు వదులు కాలేదు.