సందంతా లేదంటే ఉందన్న శౌరమ్మత్త

పటమటలో మా సందు మొదట్లో అట్లు పోసి అమ్మే శౌరమ్మత్త గురించి ఎవరూ రాయరు. అందుకే నేను రాస్తున్నా. దివిసీమ నుంచి పెళ్లయి వచ్చింది. చిన్నతనంలోనే భర్త పోతే ఇంటి ముందు పొయ్యి పెట్టుకుంది. పిల్లల్లేరు. నోరు పెద్దది. మా అంతోని అన్నయ్యకి విశాఖలో ఉద్యోగం వచ్చిందంటే ఆ నోటి వల్లే.

పాలిటెక్నిక్‌లో చేరకముందు అన్నయ్య జులాయిగా తిరిగేవాడు. ఒకరోజు శౌరమ్మత్త ఇత్తడి బిందె ఎత్తుకుపోయి వన్‌టౌన్‌లో అమ్మేశాడు. అడిగితే నేను కాదన్నాడు. ఆమె నేరుగా స్టేషనుకెళ్లి కేసు పెట్టింది. కోర్టులో కుర్రాడని మందలించి వదిలేశారు.

డెబ్బై నాలుగులో అన్నయ్య విశాఖ నేవీ డాక్‌యార్డుకి సెలెక్టయ్యాడు. డిఫెన్సు కదా, పోలీసు వెరిఫికేషన్ అవ్వాలి. మా అమ్మ తెరేసమ్మకి గుండెల్లో రాయి పడింది. ఆదివారం చర్చిలో పూజ అయ్యాక గుడి దగ్గర కొందర్నీ, సందులో మిగతావాళ్లనీ బతిమాలింది. "వదినా, పోలీసులొస్తే మావాడి మీద ఏ మచ్చా లేదని చెప్పండి." ఎదురింటి చేపల కొండలమ్మ అయితే పోలేరమ్మ మీద ఒట్టేసింది. శౌరమ్మత్తని మాత్రం అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది?

అమ్మకి తెలియనిదేంటంటే, ఆ బిందె కేసు సంగతి వెరిఫికేషన్ ఫారంలో అన్నయ్య తనే రాసిచ్చేశాడు. గోల చేస్తుందని ఇంట్లో చెప్పలేదు.

హెడ్ కానిస్టేబుల్ పేరయ్య గారు మఫ్టీలో సైకిలు మీదొచ్చారు. ఏ గుమ్మంలో అడిగినా ఒకటే మాట, మచ్చలేని పిల్లాడని.

"అంతోని ఎలాంటోడమ్మా?" అని కొండలమ్మనడిగారు.

"దొంగతనం అంటే ఏంటో కూడా తెలీదండీ ఆ పిల్లోడికి."

"నేను దొంగతనం అన్లేదే."

ఆయన వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. "ఏమ్మా, కేసుందని మీవాడే రాశాడు. సందంతా లేదంటోంది. ఎవరు నేర్పారు? పాత దొంగతనమైతే చిన్నతనం అని పోనిస్తారేమో. ఇప్పుడు జనం చేత అబద్ధం చెప్పించాడంటే మాత్రం పోనివ్వరు."

అన్నయ్య అమ్మ వంక చూశాడు. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

అంతలో శౌరమ్మత్త అట్లకాడతోనే వచ్చేసింది. "బిందె నాదండీ. ఎత్తుకెళ్లింది వీడే. కాదని నా మొహం మీదే బొంకాడు. కేసు పెట్టింది నేను."

"శౌరీ, నీకు దణ్ణం పెడతా" అంది అమ్మ.

"ఉండవే తెరేసా, పూర్తిగా చెప్పనీ. కోర్టయిన మర్నాడు వచ్చి, నేనే తీశానత్తా అన్నాడండీ. తలుపేశా. మళ్లీ వచ్చాడు. నాకు బిందె లేదుగా, వాళ్ల బిందెతో పంపు నీళ్లు తెచ్చి పోసేవాడు. కొత్త బిందె కొనుక్కున్నాక కూడా మానలా. ఇప్పుడు నేను ఊరెళ్తే ఇంటి తాళం వీడికే ఇచ్చిపోతా."

"వీడికా?"

"ఇంకెవరికిస్తానండీ? ఈ సందులో వీడి దొంగతనం ఒక్కటే నాకు తెలుసు. మిగతావాళ్లవి తెలీదుగా."

పేరయ్య గారు నవ్వు ఆపుకోలేకపోయారు. అప్పుడు అమ్మ నోరు తెరిచింది. "అందరికీ చెప్పింది నేనేనండీ. వాడికి తెలీదు." ఆయన మళ్లీ గడపగడపకీ తిరిగారు. కొండలమ్మ ఏమాత్రం తడబడకుండా, "బిందె సంగతాండీ? అది మాకు తెలుసుగా, మీరు బిందె అని అడగలా" అంది.

ఆర్డరు అమ్మ ఆశ వదులుకున్నాక ఎప్పటికో వచ్చింది. అన్నయ్యా అమ్మా ముందు శౌరమ్మత్త పొయ్యి దగ్గరకే వెళ్లారు. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"సర్లే, జరుగు, అట్టు మాడుతోంది" అంది అత్త.

ఇప్పుడు మా ఇంట్లో సాయంత్రం జపమాల అయ్యాక మేలు చేసినవాళ్ల పేర్లు తలుచుకుంటాం. ఫాదరు గారికంటే ముందు శౌరమ్మత్త పేరే వస్తుంది.