బాపు పక్కన పెట్టిన గంప

మా చిన్నప్పుడు... ఆర్మూర్‌లో పసుపు సీజన్ వచ్చిందంటే మా వాకిట్లో పొద్దుటి నుంచే పాలిష్ డ్రమ్ము తిరిగేది. లోపల ఎండు పసుపు కొమ్ములు గలగలమనేవి, వాటి వెనక ఇంజన్ గుమ్మని ఒకటే శ్రుతిలో మోగేది. బాపు దాని పక్కనే నిలబడేవాడు, తల నుంచి పాదాల దాకా పసుపే. వీధిలో అందరికీ ఆ మోత తలనొప్పి... నాకు మాత్రం అదే హార్మోనియం.

చిన్నాయన దుబాయ్ నుంచి నాకొక మౌత్ ఆర్గాన్ తెచ్చాడు. ఊదితే ఒక స్వరం, పీలిస్తే ఇంకొకటి. కొన్ని స్వరాలు మాత్రం నేరుగా పలకవు. మూడో రంధ్రంలో గాలి పీలుస్తూ నాలుక వెనక్కి లాగితే స్వరం మెల్లగా కిందికి దిగుతుంది... ఎక్కడ ఆపాలో చూపించే గీత ఏదీ ఉండదు. చెవే చెప్పాలి. ఆ స్వరం ఇంజన్ మోతలో కలిసిపోయేదాకా నేను పీల్చేదాన్ని.

ఆ యేడు స్కూల్ వార్షికోత్సవం పాటకు మౌత్ ఆర్గాన్ ఊదడానికి నన్నూ తీసుకున్నారు. మొదటి ప్రాక్టీస్‌లోనే పాటల సారు హార్మోనియం ఆపేశారు. ఆ ఒక్క స్వరం నాది మరీ కిందికి పోతోందట. శనివారంలోగా సరిచేసుకోకపోతే చప్పట్లు కొట్టే పిల్లల్లో కూర్చోమన్నారు. రోజూ సాధన చేసిందే తప్పెలా అయిందో అర్థంకాక ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి, ఇంజన్ మోతతో కలిపే ఊదానని బాపుకు చెప్పాను. ఆయనకు పాటల గొడవ ఏమీ తెలియదు. కాసేపు డ్రమ్ము వైపు చూశాడు.

"నిండ పోస్తున్న కదా బిడ్డా... ఇంజన్ గుంజలేక మెల్లగ తిరుగుతున్నది. అందుకే దాని మోత గూడ కిందికి దిగింది," అన్నాడు.

మర్నాడు బడిలో సారు హార్మోనియం మీద మోగించిన ఆ స్వరాన్ని గొంతులో పట్టుకుని ఇంటికి బయల్దేరాను. దారిలో ఆటో హారన్ కొట్టగానే అది కాస్తా ఎగిరిపోయింది. మళ్ళీ బడికి పరిగెత్తి, సారుతో ఇంకోసారి మోగించుకుని, చెవులు మూసుకుని వచ్చాను. బాపు ఇంజన్ ఆపి, కొన్ని కొమ్ములు గంపలోకి తీసి, మళ్ళీ తిప్పాడు. గొంతులోది జారిపోకుండా తల అడ్డంగా ఊపాను. ఇంకో గంప తీశాడు. మోత కొంచెం పైకి లేచింది... నా గొంతులోదీ అదీ ఒకటైపోయాయి.

నందిపేట్ నుంచి సరుకు తెచ్చిన రైతులు సణిగారు. ఇట్లా సగం సగం తిప్పితే మార్కెట్‌కు ఎప్పుడు పోవాలన్నారు.

"జర ఆగుండ్రి. బిడ్డ నేర్సుకుంటున్నది," అన్నాడు బాపు.

ఆ వారమంతా డ్రమ్ములో తక్కువ పోసే తిప్పాడు. శనివారం ఆ స్వరం దగ్గర సారు ఆగలేదు, నావైపు చూడనైనా లేదు. పాట ముందుకు సాగిపోయింది. నాకు కావలసిందీ అంతే.

ఇప్పుడు నా ఫోన్‌లో ఒక యాప్ ఉంది. ఊదగానే ముల్లు కదిలి తప్పో ఒప్పో చెప్పేస్తుంది. పని తేలికే... దానికోసం ఎవరూ గంప పక్కన పెట్టక్కర్లేదు. అయినా ఆ స్వరం పీల్చినప్పుడల్లా, ముల్లు చూడకముందే ముక్కుకు పసుపు వాసన తగులుతుంది.

మీరు ఏదైనా నేర్చుకుంటుంటే మీ ఇంట్లో ఎవరు తమ పని తగ్గించుకున్నారు... గుర్తుందా?