పవర్ సప్లై ఫ్యానుకు నేను చేసిన వైద్యం

మైలవరంలో కంప్యూటర్లు బాగుచేసే ప్రసాద్ నిర్దోషి. నాలుగేళ్లుగా పెళ్లి భోజనాల్లోనూ, హనుమాన్ జంక్షన్ బస్సుల్లోనూ నేను అతని మీద చెప్పినదంతా అబద్ధం. మా అమ్మాయి కంప్యూటర్‌ను చంపింది అతను కాదు, నేను. ఎలా చంపానో చెబుతాను. ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్లు పక్కగదిలోకి వెళ్లి చదువుకోండి. అది వింటే బెదురుతుంది.

మాది నూజివీడు దగ్గర మామిడితోట. మా హారిక ఇంజనీరింగ్ రెండో ఏడులో ఉండగా గేమింగ్ కంప్యూటర్ కావాలంది. ప్రసాద్ విడిభాగాలు తెచ్చి, మా ఇంట్లోనే బిగించి, టేబుల్ కింద నేల మీద పెట్టాడు.

"అడుగున ఉన్నది పవర్ సప్లై అండీ. దాని ఫ్యాను కింద నుంచి చల్లగాలి పీలుస్తుంది, వెనక నుంచి వేడిగాలి వదులుతుంది. చుట్టూ ఖాళీ ఉంచండి" అని జాగ్రత్తలు చెప్పాడు.

ఇందులో నా బుర్రకెక్కింది వేడిగాలి ఒక్కటే. చీకటి మూలలో కూర్చుని రోజుకు ఆరు గంటలు వెచ్చగా ఊదే పెట్టెను లోకం కంప్యూటర్ అంటుందేమో. మామిడి రైతుకు అది మాగబెట్టే చోటు.

ఇక్కడ మా ఆవిడ సుజాత గురించి చెప్పాలి. అంతకుముందు వేసవిలో పడగ్గదిలో గడ్డి పరిచి రసాలు మాగబెడితే ఎర్రచీమలు వచ్చాయి. అవి కాయల్ని వదిలేసి ఆవిణ్ణి పట్టుకున్నాయి. "ఇంకోసారి ఇంట్లో గడ్డిపరక కనిపించిందా, మీరూ గడ్డీ కలిసి పాకలో కాపురం పెట్టుకోండి" అని తీర్పు చెప్పింది. పాకలో కోతుల కాపురం ఉంది. అందుకని హారిక కాలేజీకి వెళ్లాక, ఆ పెట్టె చుట్టూ, మెత్తగా ఉంటుందని పెట్టె కింద కూడా వరిగడ్డి దట్టించి, ముప్ఫై చిన్నరసాలు పేర్చి, గోనెపట్టా కప్పాను.

మాగేసిన కాయను రోజూ నొక్కి చూడాలి. దానికో వంక కావాలి. "ఎవరు గెలుస్తున్నారమ్మా?" అంటూ హారిక పక్కన కుర్చీ వేసుకునేవాణ్ణి. కాలి బొటనవేలితో కాయ నొక్కేవాణ్ణి.

పిల్ల మురిసిపోయింది. "నాన్నా, ఆదివారం నాలుగింటికి మా టీమ్ ఫైనల్. అయిదుగురం. మా కాలేజీ నుంచి ఆడపిల్లల టీమ్ ఫైనల్‌కి రావడం ఇదే మొదలు. నువ్వు పక్కన ఉండాలి."

"ఉంటానమ్మా" అన్నాను. ఆదివారానికి కాయలు కూడా రంగు తిరుగుతాయి.

శుక్రవారం శబ్దం మొదలైంది. మొదట గొంతులో చేపముల్లు ఇరుక్కున్న పెద్దాయనలా గురగురలాడింది. శనివారానికి పిండిమర అయింది.

"ఏంటి నాన్నా ఈ గోల? హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా వినిపిస్తోంది. ప్రసాద్ గారిని పిలుద్దాం."

"ప్రసాద్ ఎందుకే? ఇరవై ఏళ్లుగా బోరు మోటార్లు విప్పుతున్నవాణ్ణి ఇంట్లో పెట్టుకుని!"

పొడుగు స్క్రూడ్రైవర్ మొన పెట్టెకు ఆనించి, పిడి చెవికి ఆనించి విన్నాను. మిగతా ఫ్యాన్లు బాగున్నాయి. గరగర పవర్ సప్లైలోదే. రోగం కనిపెట్టేదాకా నేను గొప్ప వైద్యుణ్ణే. దేవుడు నన్ను అక్కడే ఆపాల్సింది.

హారిక ఊరుకోలేదు. ప్రసాద్‌కు ఫోన్ కలిపి నా చేతికిచ్చింది. అప్పుడే సుజాత వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఫ్యానుకేదో తగుల్తోందండీ. పెట్టె కింద ఏమన్నా ఉందేమో చూడండి" అన్నాడు ప్రసాద్.

నేను కిందకు చూశాను. సుజాత నావైపు చూసింది.

"ఏమీ లేదు. నున్నటి గచ్చు."

"అయితే ఆపేసి ఉంచండి. రేపు పొద్దున్నే వచ్చి విప్పి చూస్తా."

"వద్దొద్దు, తగ్గిపోయింది" అని పెట్టేశాను. పక్కన పిండిమర తిరుగుతూనే ఉంది.

గడ్డి తీసేస్తే సరిపోయేది కదా అంటారు. సగం మాగిన కాయను కదిపితే తోలు ముడతలు పడుతుంది. ఫైనలా, రసాలా అని ఒక్క క్షణం తూచాను. నా పశ్చాత్తాపమంతా ఆ క్షణం గురించే.

ఆదివారం మూడింటికి హారిక తల దువ్వుకుంటుండగా స్విచ్ ఆపి, కుట్టుమిషన్ నూనె తెచ్చి, వెనక జాలీలోంచి పోశాను. రెండు చుక్కలు చాలట. బోరు మోటారుకు రెండు చుక్కలు పోసేవాణ్ణి మా ఊళ్లో పిసినారి అంటారు. అరసీసా పోశాను. స్విచ్ వేశాను. గరగర లేదు, గురగుర లేదు. గది గుడిలా ఉంది.

"నాన్నా! ఏం చేశావు? చప్పుడే లేదు!"

"అనుభవమమ్మా" అన్నాను, మీసం మీద చెయ్యి వేసి.

చప్పుడు లేకపోవడానికి కారణం ఫ్యాను తిరగకపోవడం. అది పీల్చిన గడ్డిపొడి, నేను పోసిన నూనె కలిసి రోట్లో నూరిన పచ్చడిలా బిగుసుకున్నాయి. నాలుగుంపావుకు రెండు జట్లూ సమానం. నాలుగున్నరకు తెర నల్లబడింది. మళ్లీ వేస్తే మళ్లీ ఆరింది. టేబుల్ కింద నుంచి ఒకపక్క మాడు కంపు, మరోపక్క రసాల ఘుమఘుమ. హారిక లేకుండా మిగతా నలుగురూ అయిదు నిమిషాలు పోరాడి ఓడిపోయారు.

"పర్లేదులే నాన్నా" అంది హారిక. తిట్టినా బాగుండేది.

"ఏమైందండీ?" అని సుజాత పరుగెత్తుకొచ్చింది.

"ఆ ప్రసాద్ పాత సామాను అంటగట్టాడు!" అన్నాను. ఆడలేక మద్దెల ఓడు అంటారు. నేను ఆడేవాళ్ల మద్దెల పగలగొట్టి, ఆ మద్దెల చేసినవాణ్ణి దొంగన్నాను.

సోమవారం ప్రసాద్ వచ్చి టేబుల్ కింద దూరాడు. చాలాసేపటికి బయటికొచ్చాడు. మీసంలో గడ్డిపరక.

"ఏం కాయలండీ?" అన్నాడు మెల్లిగా.

"చిన్నరసాలు."

"మాగాయా?"

"ఇరవై దాకా."

గుమ్మంలోకి సుజాత వచ్చింది. ప్రసాద్ మీసం తుడుచుకున్నాడు. "పీసు మంచిది పడలేదమ్మా. వేరేది వేస్తాను" అన్నాడు. పాత పవర్ సప్లైతోపాటు గడ్డీ కాయలూ అదే గోనెపట్టాలో చుట్టుకుని పోయాడు. తప్పు అతనే ఒప్పుకున్నాడని నాలుగేళ్లుగా నేను చెప్పుకున్న సాక్ష్యం ఇదే.

మొన్న హారిక సెలవుకొస్తే అంతా కక్కేశాను.

"కాయలున్నాయని అప్పుడే తెలుసు నాన్నా. చెవులకే కదా హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది, ముక్కుకు కాదుగా. పెట్టె కింద గడ్డి కుక్కావని మాత్రం తెలీదు."

"మరి అమ్మకు చెప్పలేదేం?"

"చెబితే కాయలు తీయించేది. కాయలు లేకపోతే నువ్వు నా ఆట చూడ్డానికి వచ్చేవాడివా?"

అందుకే ఈ ప్రతిజ్ఞ. కరెంటుతో నడిచే ఏ వస్తువు దరిదాపులకూ ఇకపై వరిగడ్డి తీసుకెళ్లనని మా తోటలోని చెట్టు చెట్టు మీదా ప్రమాణం చేస్తున్నాను. ఈ ప్రతిజ్ఞ ఎల్లుండి నుంచి అమల్లోకి వస్తుంది. ఫ్రిజ్ వెనక ఉన్నవి రంగు తిరగడానికి ఇంకో రెండు రోజులు పడుతుంది.