మెత్తని బిస్కెట్ల తగాదా

ఆ రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, మణుగూరులో బిస్కెట్ అంటే కటుక్కున విరగాలి. విరగలేదంటే డబ్బా మూత ఎవరో సరిగ్గా పెట్టలేదనే అర్థం. అలాంటి ఊళ్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచరమ్మ ఒకతె మెత్తని బిస్కెట్లు చేయిస్తానని బయలుదేరింది. ఆ టీచరమ్మ నేనే. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. తెలిసింది పిసరంత, దాని మీద పట్టుదల కొండంత.

మాది వైరా. ట్రైనింగ్ రోజుల్లో హాస్టల్ వార్డెనమ్మ నాకు నేర్పిన గొప్ప విద్య ఇదొక్కటే. మైదా, వెన్న, చక్కెర పొడి, గుడ్డు కలిపి మందంగా ఒత్తి, రేకు అచ్చులతో చేపలు, చిలకలు కోసి, అంచు రంగు మారకముందే బట్టీలోంచి తీసేయాలి. చల్లారాక పిల్లలు వాటి మీద రంగుల చక్కెర ముద్దతో కళ్లు, రెక్కలు దిద్దుకుంటారు. గనుల కాలనీ పక్కనున్న మా బడిలో నాలుగో తరగతి పిల్లల చేత ఇది చేయిస్తానని హెడ్మాస్టరు గారికి మాటిచ్చాను. ఆయన చల్లగా, "బొమ్మలెయ్యడానికి కాయితాలు లేవామ్మా?" అన్నారు. అక్కడే నాకు సగం కోపం వచ్చింది.

మిగతా సగం బేకరీలో వచ్చింది. ఇంట్లో ఓవెన్ ఎవరికుంది? క్లాసుకు ముందు రోజు మధ్యాహ్నం రెండు ట్రేలు మోసుకుంటూ బజారులో బేకరీ మామ (ఊరందరికీ ఆయన మామే) దగ్గరికెళ్లి, అంచు ఎర్రబడకముందే తీయాలని మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ "అవ్" అన్నాడు. గంట తర్వాత వెళ్తే, మొదటి ట్రే నిండా ఇటుక రంగు చేపలు. ఒకదాన్ని బల్ల మీద వేస్తే టక్కుమంది.

"ఏంటి మామా ఇది?"

"జల్దీనే తీసిన టీచరమ్మా. ముట్టుకుంటే మెత్తగున్నయి. పచ్చిగనే ఉన్నయని మల్ల పెట్టిన."

"మెత్తగా ఉండాలనే కదా నేను చెప్పింది."

"గట్ల పచ్చియి తింటే పోరగాండ్లకు కడుపుల నొస్తది. రేపు నన్నే అంటరు."

నాకు ఏడుపొక్కటే తక్కువ. రెండో ట్రే పెట్టించి, బట్టీ ముందు నేనే కాపలా నిలబడ్డాను. అంచు రంగు మారకముందే తీయించాను. దూదిలా ఉన్నాయి. "జెర సల్లారనియ్యి, ఇప్పుడే కదిలియ్యకు" అన్నాడు మామ. ఇక ఆయన మాట వినేదెవరు? వేడివేడిగా గరిటెతో గీకి, డబ్బాలో ఒకదాని మీదొకటి వేసి, మూత బిగించి, ఎర్రచేపలను కూడా పారేయలేక మూటగట్టుకుని విసవిసా వచ్చేశాను.

మర్నాడు క్లాసులో డబ్బా తెరిచాను. చేపలకు తోకల్లేవు. చిలకలన్నీ ఒకదాన్నొకటి కరుచుకుని ముద్దైపోయాయి. "టీచర్, నా చిల్కకు తల్కాయ లేదు" అంది ముందు బెంచీ పిల్ల. ఇక గత్యంతరం లేక ఎర్రచేపల మూట విప్పాను. పిల్లలు వాటినే పట్టుకుని, గీకి, దిద్ది, కింద పడేసి, మళ్లీ తీసి దిద్దారు. ఒక్కటీ విరగలేదు. హెడ్మాస్టరు గారు ఒక చేపను చాయ్‌లో ముంచుకుని తిని, ఇంకోటి అడిగారు. అది కూడా నాకు అవమానంగానే తోచింది.

నెల రోజులు ఆ బేకరీ ముందు నుంచి నడవలేదు. చివరికి జ్వరమొచ్చి బ్రెడ్డు కోసం వెళ్లక తప్పలేదు. మామ బ్రెడ్డు కాగితంలో చుడుతూ తలెత్తకుండా అన్నాడు, "గా దినం తప్పు నాదే టీచరమ్మా. మెత్తటి బిస్కెట్లుంటయని నాకెర్క లేకపాయె. పోరగాండ్లు తిన్నరా?"

"తిన్నారు మామా" అన్నాను. ఏవి తిన్నారో చెప్పలేదు. పైగా, "పర్వాలేదులే, ఇంకోసారి జాగ్రత్త" అని పెద్ద మనసుతో ఆయన్ను క్షమించి మరీ వచ్చాను. అలా క్షమించిన ఆ ఇరవై మూడేళ్ల పిల్ల ఇప్పుడు నాకెదురైతే చెవి మెలేద్దామనిపిస్తుంది. కానీ జ్వరంతో, అంత బింకంగా, బ్రెడ్డు చంకన పెట్టుకుని నడిచిపోతున్న దాన్ని చూస్తే చెయ్యి రాదేమో.