జింకలకు జబ్బు ఎవరు తెచ్చారు?

మాది ప్రొద్దుటూరు. అడవి జంతువుల జబ్బుల మీద పరిశోధన చేసే ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేసేదాన్ని. చచ్చిన, జబ్బుపడ్డ జంతువుల ముక్కుల్లోంచి దూదిపుల్లతో చీమిడి తీసి, ఐసు పెట్టెలో పెట్టి పంపడం నా పని. అందులోని వైరస్ జన్యువుల్ని అక్షరం అక్షరం చదివి, జబ్బు ఎక్కడినుంచి వచ్చిందో, ఇక ఎటు పోవచ్చో ఆమె అంచనా కట్టేది.

ఆ చలికాలం జమ్మలమడుగు దగ్గర శనగ చేలల్లో నాలుగు కృష్ణజింకలు చచ్చిపడ్డాయి. అక్కడ గొర్రెలు మేపుకునే పెద్దాయన మందలోనూ రెండు గొర్రెలు నీళ్లలా పారుకుంటూ, ముక్కులు కారుస్తూ ఉన్నాయి.

"ఈ జింకలే కదమ్మా నా గొర్రెలకు అంటించింది?" అన్నాడాయన.

"తెలీదు మామా. పరీక్ష చేస్తే తెలుస్తాది."

జింకల నుంచీ, గొర్రెల నుంచీ నమూనాలు తీసి పంపాను. కొన్ని వారాలకు శాస్త్రవేత్త ఫోన్ చేసింది.

"రెండింట్లోనూ ఉన్నది ఒకటే వైరస్. అంతకుముందు నువ్వు పులివెందుల గొర్రెల నుంచి తీసిందానికి ఇది చాలా దగ్గర."

జింకలు చావడానికి కొన్ని రోజుల ముందటి సంగతి గుర్తొచ్చింది. పులివెందులలో ఆ జబ్బు మంద దగ్గర పని ముగించుకుని, అదే రోజు, అవే బూట్లతో, జమ్మలమడుగు దగ్గర ఈ జింకలు నీళ్లు తాగే కుంటకు పోయాను, వాటి పెంటికలు ఏరడానికి. మధ్యలో బూట్లు కడిగాననే అనుకున్నాను. ఎక్కడ కడిగానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

"నేనే మోసుకుపోయానా మేడం?"

"కావచ్చు, కాకపోవచ్చు. రెండు వైరస్‌లూ దగ్గరి చుట్టాలని మాత్రమే తెలిసింది. ఎవరు మోశారో ఇందులో కనపడదు."

జబ్బు ఇక చాపాడు వైపు పోవచ్చన్న ఆమె హెచ్చరికతో అక్కడి మందలకు ముందుగానే టీకాలు వేశారు. అక్కడికి జబ్బు రాలేదు. టీకాల వల్ల రాలేదో, అసలు అటు వచ్చేదే కాదో నాకు అర్థం కాలేదు.

పెద్దాయన దగ్గరికి పోయి, బూట్ల సంగతితో సహా అంతా చెప్పాను. ఆయన గొర్రెలు రెండూ అప్పటికి కోలుకున్నాయి.

"పులివెందుల సంతలో నేనూ రెండు పొట్టేళ్లు తెచ్చినాలేమ్మా, ఆ నెలలోనే," అన్నాడు. "మరి జింకలకు సూదులు ఎవురేస్తారు?"

"ఎవురూ వేయరు మామా."

"ఇంగ తప్పు ఎవురిదని రాస్తావు?"

ఆయన మందను కుంట వైపు పోనీయకుండా రోడ్డు దాటించాడు. మేడంకు పంపాల్సిన నివేదికలో, జబ్బు వచ్చిన దారి రాయాల్సిన గడిలో పొట్టేళ్లనీ రాశాను, నా బూట్లనీ రాశాను. తర్వాత ఏది కొట్టేయాలో తెలియక, రెండూ అలాగే ఉంచి పంపేశాను.