కొలిమి ఎండలో పడ్డ రోజు

కమ్మరి పదును పెట్టిన ఉలి మొదటి దెబ్బకే విరిగి, ఆ ముక్క రాయి కొట్టే మనిషి కంట్లో పడింది. సాయంత్రానికల్లా మేస్త్రీ కమ్మరిని పనిలోంచి తీసేశాడు. ఆయన కొలిమి తిత్తి మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

తొంభైల చివర్లో కొత్తగూడ దగ్గర బండలు పగలగొట్టి ఆఫీసులు కడుతుంటే, పత్రిక పని మీద నేను అక్కడికి వెళ్లేవాణ్ణి. కాలే ఇనుముకు అరచెయ్యి అడ్డం పెట్టి, ఆ నీడలో రంగు చూడటం కమ్మరి అలవాటు. ఎరుపు సరైన వన్నెకు రాగానే నీళ్లలో ముంచేవాడు.

ఒక మునిమాపు వేళ ఆకాశంలో ఎర్రటి చుక్కను కమ్మరికి చూపించి, నిప్పులా మండుతోందన్నాను.

"ఏంది సారూ, పేపరోళ్లకు గింత కూడ తెల్వదా? ఎర్రగుంటే కాక తక్కువున్నట్టు. పక్కన తెల్లగున్నది జూడు, అది మస్తు కాక మీదుంది. నీలంది గురించి ఇగ అడగకు!"

సైన్సు పేజీ చూసే మిత్రుణ్ణి అడిగితే, ముమ్మాటికీ నిజమన్నాడు.

ఉలి విరిగిన రోజు పొద్దున, ఎవరో పెద్దలు చూడటానికి వస్తున్నారని కొలిమి మీది రేకుల షెడ్డు పీకేశారు. ఆ ఎండకు అరచేతి నీడ చాలలేదు. ఎరుపు కంటికి ఆనేసరికి వేడి మితిమీరి, ఉలి పెళుసైపోయింది.

"ఆ పూటకు పని ఆపాల్సింది కదయ్యా," అన్నాను.

"ముప్పైమంది ఉలుల కోసం నిలబడ్డరు సారూ."

షెడ్డు తీయమన్నదెవరని మేస్త్రీని అడిగితే ఇంజనీరని చెప్పాడు. ఇంజనీరును అడిగితే మేస్త్రీ అని చెప్పాడు.