డోర్డోన్ వీసా కోసం షికాగో దాకా

ఉదయం 7:10కి మా ఊరు అరోరాలో ట్రైన్ ఎక్కాం. పది గంటలకు షికాగోలో ఫ్రాన్స్ వీసా అపాయింట్‌మెంట్. మా పదో పెళ్లిరోజుకు అక్కడి డోర్డోన్ ప్రాంతంలో నాలుగు రోజులు గడపాలని నా భార్య లావణ్య కోరిక. ఆదిమానవులు బొమ్మలు గీసిన గుహలు, నది ఒడ్డున కోటలు, వారపు సంతలు, బాతు మాంసం వంటలు. హోటళ్లు బుక్ చేశాక తెలిసింది, అది వాల్‌నట్ తోటల సీమ అని. సలాడ్‌లో ఆ నూనే, కేకులో ఆ పప్పే.

లావణ్యకు వాల్‌నట్ పడదు. రెండేళ్ల కిందట ఒక పార్టీలో బ్రౌనీ ముక్క కొరికి, ఊపిరాడక నా చేతుల్లో కూలబడింది. అంబులెన్స్ వచ్చేసరికి పెదవులు నీలమైపోయాయి.

ట్రైన్‌లో ఎదురుగా కూర్చున్న విజయవాడ పెద్దాయన ఎక్కడికని అడిగి, "ఫ్రాన్సా? అక్కడ మనకి తినడానికేం దొరుకుద్దమ్మా?" అన్నాడు.

"తిండి కోసమే వెళ్తున్నాం అంకుల్," అని నవ్వింది లావణ్య.

నేను కిటికీ వైపు తిరిగాను. ముందురోజు వీసా ఫైల్‌లోంచి ట్రావెల్ ఇన్సూరెన్స్ కాగితం తీసి దాచేశాను. అది లేనిదే వీసా రాదు; వీసా రాకపోతే ప్రయాణమే ఉండదు కదా!

10:05కి వీసా ఆఫీసు కౌంటర్‌లోని అమ్మాయి సరిగ్గా ఆ కాగితమే అడిగింది. లావణ్య ఫైలంతా మూడుసార్లు తిరగేసింది. నాలుగోసారి మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలుపెడుతుంటే చూడలేకపోయాను.

"నేనే తీసేశాను," అన్నాను.

లావణ్య నా వైపు చూడలేదు. "పన్నెండులోపు తెస్తే తీసుకుంటాం," అంది కౌంటర్ అమ్మాయి. పక్క వీధిలో ప్రింట్ షాపు వెతికి, ఫోన్‌లోని కాపీ ప్రింట్ తీయించి, 11:20కి లావణ్యే తెచ్చి ఇచ్చింది. వేలిముద్రలు వేసి బయటపడ్డాం.

ఒంటిగంటకు నన్నొక ఫ్రెంచ్ రెస్టారెంట్‌కి తీసుకెళ్లింది. తన అలర్జీ గురించి ఫ్రెంచ్‌లో రాయించుకున్న కార్డు చూపించింది. వంటాయన బయటికొచ్చి, సలాడ్ వద్దని, బాతు వేరే పెనం మీద చేయిస్తానని చెప్పాడు. అలర్జీ వస్తే వెంటనే తొడలో పొడవాల్సిన ఇంజెక్షన్ పెన్ గుప్పిట్లో పట్టుకుని, ఆమె మింగే ప్రతి ముద్దా చూస్తూ కూర్చున్నాను. నా ప్లేటు చల్లారిపోయింది.

"ఊపిరి ఆగింది నాకు. నాకు భయం లేదనుకున్నావా?" అంది లావణ్య. "భయపడు. నాతో చెప్పి భయపడు. నా వెనకాల ఇట్లాంటివి చెయ్యకు."

భోజనం ముగిసింది, ఆమెకు ఏమీ కాలేదు. అయినా స్టేషన్ దాకా ఆ పెన్ను వదల్లేదు.

3:15 ట్రైన్‌లో తిరుగుప్రయాణం. ఇలాంటి అలర్జీతో ఆ వైపు వెళ్లేవాళ్లు ఫ్రెంచ్ కార్డు, రెండు ఇంజెక్షన్ పెన్నులు తప్పక పెట్టుకోండి. దారిలో ఫోన్ తెరిచి, మా ప్లాన్‌లోని ప్రతి భోజనం పక్కనా దగ్గరి ఆసుపత్రి పేరు, దూరం రాశాను. లావణ్య నా భుజం మీదుగా చదివి, మూడో రోజు దగ్గర వేలు పెట్టింది.

"ఇక్కణ్నుంచి ఆసుపత్రికి నలభై నిమిషాలా? వద్దు, ఈ ఊరు తీసెయ్."

తీసేశాను.